నెల్లూరుకు పెద్ద స్టేడియమా, రోజూ ఆడుకునే గ్రౌండ్లా? ఎంచుకునే ముందు చూసుకోవాల్సినవి

ఐపీఎల్ మొదలైతే చాలు, నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఒకే ప్రశ్న వినపడుతుంది. విశాఖకు ఉంది, కడపకు ఉంది, మనకెందుకు లేదు? ఎన్నికలు దగ్గరపడితే అదే ప్రశ్న హామీగా మారుతుంది. అడగడంలో తప్పేమీ లేదు. నెల్లూరు అయిదు లక్షల పైచిలుకు జనం ఉన్న ఊరు. మంచి మ్యాచ్ చూడాలంటే మన కుర్రాళ్లు చెన్నై రైలెక్కి చేపాక్ స్టేడియం దాకా పోవాలి, అర్ధరాత్రి సెంట్రల్ స్టేషన్లో తెల్లవారుజాము బండి కోసం పడిగాపులు కాయాలి. సొంత ఊళ్లో ఒక పెద్ద మ్యాచ్ చూడాలన్న కోరికను తేలిగ్గా తీసేయడానికి లేదు.

అయితే స్టేడియం అనగానే అందరి మనసులో మెదిలేది టీవీలో కనపడే ఒకే బొమ్మ. నిజానికి ఊరి ముందు నాలుగైదు దారులున్నాయి. ఒక్కోదానికి పట్టే డబ్బు వేరు, ఆ బరువు మోసేవాళ్లు వేరు, దాన్ని వాడుకునేవాళ్లు వేరు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: జట్టు చేతికి రాకుండా జట్టు కోసం స్టేడియం కట్టకూడదు. ఎందుకో కింద వివరంగా రాస్తున్నాను. మీ ఊరి లెక్క వేరుగా ఉంటే మీ నిర్ణయం కూడా వేరుగా ఉండొచ్చు.

ఊరి బయట కొత్త పెద్ద స్టేడియం

ముందు స్థలం సంగతి చూద్దాం. క్రికెట్ గ్రౌండు ఒక్కటే నాలుగెకరాలు దాటుతుంది. దానికి గ్యాలరీలు, ప్రాక్టీస్ నెట్స్, పార్కింగ్, బస్సులు తిరిగే జాగా కలిపితే ఇరవై ఎకరాలైనా కావాలి. ఊళ్లో అంత ఖాళీ దొరకదు కాబట్టి అందరి చూపూ చెరువు పోరంబోకు మీదకో, పొలాల మీదకో పోతుంది. 2021 నవంబరు వరదల్లో పెన్నా ఎక్కడెక్కడికి వచ్చిందో చూసినవాళ్లం మనం. నీళ్లు నిలిచే చోటు మీద గ్యాలరీ కడితే ఆ నీళ్లు ఎవరో ఒకరి ఇంట్లోకి పోతాయి.

తర్వాత మ్యాచ్‌ల లెక్క. మన రాష్ట్రంలో దీనికి విశాఖను మించిన ఉదాహరణ లేదు. మధురవాడ దగ్గరి స్టేడియం 2003లో తయారైంది. 2005 ఏప్రిల్లో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టింది అక్కడే. విమానాశ్రయం, పెద్ద హోటళ్లు, ఇరవై లక్షల దాకా జనం ఉన్న నగరం, పైగా సముద్రం. అన్నీ ఉన్న విశాఖను ఢిల్లీ క్యాపిటల్స్ రెండో సొంత మైదానంగా ఎంచుకుంటే, 2024లో ఆడింది రెండు మ్యాచ్‌లు, 2025లో మళ్లీ రెండు. అంతర్జాతీయ మ్యాచ్‌లు, 2025 మహిళల ప్రపంచకప్ మ్యాచ్‌లు కూడా అక్కడ జరిగాయి. వాటన్నిటినీ కలిపినా పెద్ద మ్యాచ్ ఉన్న రోజులు ఏడాదిలో కొన్నే. విశాఖ పరిస్థితే ఇదైతే, నెల్లూరుకు ఏడాదికి ఒక్కటి వస్తుందనుకోవడం కూడా ఆశే.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయం ఒకటుంది. ఐపీఎల్ జట్లు పది. అవి మామూలుగా ఆడేది రాష్ట్ర క్రికెట్ సంఘాల స్టేడియాల్లో, మ్యాచ్‌కు ఇంత అని ఇచ్చి. టీవీ హక్కుల డబ్బు బోర్డుకు, ఫ్రాంచైజీలకు పోతుంది. టికెట్ డబ్బులో ఎక్కువ భాగం ఫ్రాంచైజీదే. ఐపీఎల్ టికెట్ మీద 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం జీఎస్టీ ఉంది, అది కేంద్ర, రాష్ట్ర ఖజానాలకు చేరుతుంది. మరి స్థలం, రోడ్డు, డ్రైనేజీ, నీళ్లు ఇచ్చిన కార్పొరేషన్‌కు నేరుగా వచ్చేది చాలా తక్కువ. మర్నాడు పొద్దున చెత్త ఎత్తాల్సింది మాత్రం కార్పొరేషన్ కార్మికులే.

"ఊళ్లో వ్యాపారం పెరుగుతుంది కదా" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. కానీ మ్యాచ్‌కు పోయిన కుటుంబం ఆ వారం సినిమా మానుకుంటుంది, లేదా ట్రంక్ రోడ్డులో కొనాల్సిన బట్టలు వాయిదా వేసుకుంటుంది. ఊళ్లోవాళ్ల డబ్బు ఒక జేబులోంచి ఇంకో జేబుకు మారుతుందంతే. కొత్తగా వచ్చేది బయటి ఊళ్లవాళ్లు పెట్టే ఖర్చు. వాళ్లలో చాలామంది సాయంత్రం బండికి వచ్చి రాత్రి బండికి పోతారు. 2017లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు అమెరికాలో పేరున్న ఆర్థికవేత్తలను ఇదే విషయం అడిగారు. స్టేడియాలకు ప్రభుత్వం ఇచ్చే రాయితీల వల్ల ఊరికి వచ్చే లాభం కంటే పన్ను కట్టేవాళ్ల మీద పడే ఖర్చే ఎక్కువని 80 శాతానికి పైగా చెప్పారు. చాలా విషయాల్లో ఒకరి మాట ఒకరు ఒప్పుకోని వాళ్లు ఈ ఒక్క విషయంలో ఇంతగా కలవడం ఆలోచించాల్సిన సంగతి.

అమెరికా పేరు వచ్చింది కాబట్టి అక్కడి అనుభవం కాస్త చూడాలి. అక్కడ లీగ్‌లో జట్ల సంఖ్య తక్కువ, జట్టు కావాలనే నగరాలు ఎక్కువ. అందుకని జట్టు యజమాని "స్టేడియం కట్టివ్వకపోతే పోతాం" అంటాడు, నగరం అప్పు చేసి కడుతుంది. సెయింట్ లూయిస్ 1995లో ఫుట్‌బాల్ జట్టు కోసం డోమ్, అంటే పైకప్పున్న స్టేడియం, తెరిచింది. 2016లో ఆ జట్టు లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిపోయింది, అప్పటికి డోమ్ అప్పు తీరనే లేదు. ఓక్లండ్ నుంచి అయిదేళ్ల తేడాతో మూడు జట్లు పోయాయి: 2019లో బాస్కెట్‌బాల్, 2020లో ఫుట్‌బాల్, 2024 తర్వాత బేస్‌బాల్. కెనడాలో మాంట్రియల్ నగరంలోని 1976 ఒలింపిక్స్ స్టేడియం అప్పు 2006 దాకా తీరలేదు. అందులో ఆడిన బేస్‌బాల్ జట్టు అంతకు రెండేళ్ల ముందే చివరి మ్యాచ్ ఆడి ఊరు వదిలింది. ఇంకో కోణం కూడా ఉంది. ఓక్లండ్ వదిలిన బాస్కెట్‌బాల్ జట్టు శాన్ ఫ్రాన్సిస్కోలో 2019లో తెరిచిన కొత్త అరీనాను ప్రైవేటు డబ్బుతోనే కట్టుకుంది. లాభం వస్తుందన్న నమ్మకం ఉంటే జట్టే కట్టుకోగలదు.

మన దగ్గర జట్లు పోవా? ఐపీఎల్‌లో హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ 2012లో విశాఖలో ఆడింది, అదే ఏడాది ఆ జట్టు లేకుండా పోయింది. కొచ్చి జట్టు 2011లో ఒక్క సీజన్ ఆడింది. పుణె దగ్గర గహుంజేలో 2012లో పెద్ద స్టేడియం వచ్చింది, మరుసటి ఏడాది సీజన్ తర్వాత అక్కడి ఐపీఎల్ జట్టు పుణె వారియర్స్ లేదు. ఆ స్టేడియం అప్పు కట్టలేదని 2019లో బ్యాంకు స్వాధీనం నోటీసు అతికించింది. హైదరాబాద్ ఫుట్‌బాల్ జట్టు 2019లో గచ్చిబౌలికి వచ్చింది, 2025లో ఢిల్లీకి మారిపోయింది. జట్టు సూట్‌కేసు సర్దుకుని పోగలదు. ఊరు ఎక్కడికీ పోలేదు.

నిర్వహణ గురించి ఒక్క ముక్క. 2024 ఏప్రిల్లో ఐపీఎల్ మ్యాచ్ ముందు రోజు ఉప్పల్ స్టేడియానికి బిల్లు బకాయి ఉందని కరెంటు తీసేశారు. దేశంలోనే డబ్బున్న ఆటకు, సొంత జట్టున్న మహానగరంలో పరిస్థితి అది. జట్టు లేని ఊళ్లో ఫ్లడ్‌లైట్ల బిల్లు ఎవరు కడతారో టెండర్‌కు ముందే తేలాలి.

నీళ్ల మాట ఒంగోలువాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 2016లో మహారాష్ట్రలో కరువు వచ్చినప్పుడు, తాగడానికి నీళ్లు లేనప్పుడు పిచ్‌లు తడుపుతారా అని బొంబాయి హైకోర్టు అడిగింది. ఏప్రిల్ 30 తర్వాతి ఐపీఎల్ మ్యాచ్‌లను రాష్ట్రం బయటికి పంపేసింది. వాటిలో కొన్ని విశాఖకే వచ్చాయి. సాగర్ కాలువ నీళ్లతో చెరువులు నింపుకుని వేసవి గట్టెక్కే ఒంగోలులో, కుళాయి రోజూ రాని వీధుల పక్కన, సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లో పచ్చగడ్డి పెంచాలంటే ఇదే ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారు. అడగాలి కూడా.

అయిదెకరాల వరి రైతు కోత మిషన్ కొనడు, కోతల రోజుల్లో గంట లెక్కన బాడుగకు తెచ్చుకుంటాడు. నా దృష్టిలో నెల్లూరుకు పెద్ద స్టేడియం అలాంటిదే. ఏడాదికి ఒకటీ అరా పెద్ద మ్యాచ్ కావాలంటే చెన్నై, విశాఖ ఉన్నాయి.

ప్రైవేటు భాగస్వామ్యంతో కట్టడం

"ప్రభుత్వం పైసా పెట్టదు, కంపెనీయే కట్టి నడుపుతుంది" అన్నప్పుడు వినడానికి బాగుంటుంది. తిరువనంతపురంలో 2015 జాతీయ క్రీడల కోసం గ్రీన్‌ఫీల్డ్ స్టేడియం ఈ పద్ధతిలోనే వచ్చింది. కట్టి నడిపే బాధ్యత తీసుకున్న ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ గ్రూపు 2018లో అప్పుల్లో కూరుకుపోయింది, ఆ దెబ్బ నిర్వహణ మీద పడింది. ఈ దారిలో పోయేట్టయితే ఒప్పందంలో మూడు చోట్ల కచ్చితంగా చూడండి. స్థలం లీజుకు ఇస్తున్నారా, పూర్తిగా రాసిస్తున్నారా? స్కూలు పిల్లలకు, మామూలు జనానికి రోజుకు ఎన్ని గంటలు ఉచితం? కంపెనీ చేతులెత్తేస్తే ఎన్ని రోజుల్లో అది కార్పొరేషన్ చేతికి వస్తుంది? చుట్టూ షాపులు, ఫంక్షన్ హాలు కట్టుకునే వీలు ఇస్తే, పదేళ్లకు షాపులు మిగిలి గ్రౌండు పెళ్లి రిసెప్షన్లకు పోయే ప్రమాదం ఉంది. ఉచితంగా ఆడుకునే ఆ గంటలు రాతలో లేకపోతే సంతకం పెట్టనివ్వకండి.

ఉన్నదాన్ని బాగుచేసుకోవడం

నాకు బాగా నచ్చిన దారి ఇది. నెల్లూరులో ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం ఉంది. వీఆర్ కాలేజీ గ్రౌండు ఉంది. ఒంగోలులో మినీ స్టేడియం ఉంది, సీఎస్ఆర్ శర్మ కాలేజీ గ్రౌండు ఉంది. ఆ శర్మ కాలేజీ గ్రౌండులో రంజీ మ్యాచ్‌లు జరిగాయన్న సంగతి ఒంగోలులోనే చాలామందికి తెలియదు. ఒక కాలేజీ గ్రౌండు దేశవాళీ క్రికెట్లో పై మెట్టుకు సరిపోయింది. విశాఖలోనూ అంతే. 1988 నుంచి 2001 దాకా వన్డేలు జరిగింది ఊరి నడిబొడ్డున ఉన్న మున్సిపల్ స్టేడియంలో.

ఊళ్లో ఉన్న స్టేడియానికి పెద్ద గుణం ఒకటుంది. పదమూడేళ్ల పిల్ల సైకిలేసుకుని పోగలదు. ఊరి బయట పన్నెండు కిలోమీటర్ల దూరంలో, హైవే పక్కన కట్టిన దాంట్లోకి ఆ పిల్ల ఎలా పోతుంది? నాన్న బండి మీద దింపాలి, మళ్లీ తెచ్చుకోవాలి. రెండు వారాలు దింపుతాడు, మూడో వారం పని ఉంటుంది, అక్కడితో ఆట ఆగిపోతుంది. ఆటలో ముందుకు పోయే పిల్లలకు రోజూ రెండు పూటలా గ్రౌండు కావాలి. పొద్దున అయిదున్నరకు, సాయంత్రం స్కూలు వదిలాక.

బాగుచేయడం అంటే రంగులు వేసి ఆర్చి కట్టడం కాదు. మన వాతావరణానికి మొదట కావాల్సింది వాన నీళ్లు పోయే దారి. ఈ తీరంలో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, దేశంలో సగం ఊళ్లలో అవే ఆటలకు మంచి నెలలు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫానుకు నెల్లూరు గ్రౌండ్లన్నీ మడుగులయ్యాయి. మట్టి కింద ఇసుక పొర, కంకర, చిల్లుల పైపులు వేసి, వాటిని పక్క కాలువకు కలిపితే వాన వెలిసిన మర్నాడే ఆడుకోవచ్చు. లేకపోతే వారం రోజులు బురద. మైదానం పైన గడ్డి ఎంత అందంగా ఉన్నా కింద ఈ పని చేయకపోతే డబ్బు నీళ్లపాలే.

రెండోది లైట్లు. టీవీ ప్రసారానికి సరిపడే ఫ్లడ్‌లైట్లు వద్దు. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పిల్లలకు బంతి కనపడేంత ఎల్‌ఈడీ వెలుగు చాలు. మార్చి నుంచి జూన్ దాకా మన ఎండలో సాయంత్రం ఆరు దాటాకే ఆట, రోహిణి కార్తెలో మరీను. లైట్లు లేని గ్రౌండు ఆ నాలుగు నెలలూ ఉన్నా లేనట్టే.

మూడోది ఆడపిల్లలకు టాయిలెట్, బట్టలు మార్చుకునే గది. ఇది చివర్లో రాసే విషయం కాదు, ప్లానులో మొదట గీయాల్సిన గది. తలుపుకు గడియ ఉండాలి, లోపల నీళ్లు రావాలి, తాళం చెవి వాచ్‌మన్ జేబులో కాకుండా తెరిచి ఉండాలి. ఎనిమిదో తరగతి దాకా అద్భుతంగా పరుగెత్తిన పిల్ల తొమ్మిదిలో గ్రౌండుకు రావడం మానేస్తే "ఇంట్లోవాళ్లు పంపడం లేదు" అనేస్తాం. ఆ గది ఉందో లేదో చూసే పెద్దలు ఎంతమంది?

ఈ దారికి ఇబ్బందులు లేకపోలేదు. కాలేజీ గ్రౌండు యాజమాన్యం చేతిలో ఉంటుంది, ప్రభుత్వ డబ్బు పెట్టాలంటే రాతపూర్వక ఒప్పందం కావాలి. స్టేడియాన్ని సభలకు, ఎగ్జిబిషన్లకు ఇవ్వడం మనకు అలవాటు. ఒక్క సభకు గుంతలు తీసి పందిరి గుంజలు పాతితే ఆరు నెలల పిచ్ పని పోతుంది. బాగుచేసిన గ్రౌండును ఆటకు తప్ప దేనికీ ఇవ్వకూడదన్న తీర్మానం లేకపోతే మిగతా ఖర్చంతా దండగ.

ఇండోర్ హాలు

మన రెండు జిల్లాల్లో కబడ్డీ, వాలీబాల్, షటిల్ ఆడేవాళ్లు ఊరూరా ఉన్నారు. కబడ్డీ కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. వాలీబాల్ కోర్టు 18, 9. ఒక మాదిరి హాల్లో పొద్దున ఆరు షటిల్ కోర్టులు, సాయంత్రం కబడ్డీ మ్యాట్ నడుపుకోవచ్చు. వాన పడ్డా, ఎండ మండినా ఆట ఆగదు. షటిల్‌కు నెలవారీ ఫీజు కట్టేవాళ్లు ఉంటారు కాబట్టి నిర్వహణ ఖర్చులో కొంతైనా వెనక్కి వస్తుంది. పైకప్పు ఎత్తు పన్నెండు మీటర్లు పెట్టుకుంటే తర్వాత పెద్ద టోర్నమెంట్లకూ పనికొస్తుంది. కట్టాక పెంచలేని కొలత అదొక్కటే, అక్కడ పొదుపు చేయొద్దు.

కబడ్డీ పిల్లల కష్టం దగ్గరుండి చూస్తే ఈ హాలు విలువ తెలుస్తుంది. జడ్పీ హైస్కూలు గ్రౌండులో మట్టి మీద వట్టి కాళ్లతో నేర్చుకుంటారు. మట్టిలో కాలు కాస్త జారుతుంది, ఆ జారుడును లెక్కేసుకునే వాళ్లు మలుపు తిరుగుతారు. తీరా పై పోటీలకు పోతే అక్కడ మ్యాట్, కాళ్లకు బూట్లు. మ్యాట్ మీద బూటు జారదు, పట్టేస్తుంది. మట్టి అలవాటుతో తిరిగిన పిల్లవాడి మడమ మెలిపడుతుంది, లేదా సగం క్షణం ఆలస్యమై దొరికిపోతాడు. ఆట రాక ఓడిపోలేదు, నేల కొత్తయి ఓడిపోయాడు. ప్రో కబడ్డీలో 2014 నుంచి తెలుగు టైటాన్స్ ఆడుతోంది. మన మండలాల పిల్లలు అందాకా పోవాలంటే ముక్కలు ముక్కలుగా అతికించుకునే ఆ మ్యాట్ ప్రతి డివిజన్ కేంద్రంలో ఒక్కటైనా ఉండాలి. పెద్ద స్టేడియం గేటు ఖర్చుతో ఎన్నో మ్యాట్లు వస్తాయి.

మూడు నాలుగు వేల సీట్లతో ఇలాంటి హాలు ఉంటే, రేపు కబడ్డీ, వాలీబాల్ లీగ్ వాళ్లు మూడు రోజులు ఇక్కడ ఆడతామన్నా పిలవడానికి చోటుంటుంది. పెద్ద ఆట ఊరికి తెచ్చుకోవాలన్న కోరిక తీరే దారుల్లో ఖర్చు తక్కువది ఇదే.

కట్టకుండా జరిపించడం

దీన్ని ఒక ఎంపికగా ఎవరూ లెక్కేయరు, కానీ మన ప్రాంతానికి బాగా తెలిసిన పద్ధతి. ప్రకాశం జిల్లాలో తిరునాళ్లకు జరిగే ఎడ్ల బండలాగుడు చూడండి. పొలంలో బాట చదును చేస్తారు, రెండు వైపులా తాళ్లు కడతారు, మధ్యలో బండ. ఎడ్ల వయసును పళ్ల లెక్కతో చెప్పి రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సీనియర్లు అని విభాగాలు. ఒంగోలు జాతి జత కాడి కింద మెడ వంచి కదిలితే, తోలేవాళ్ల అదిలింపులు, మైకులో ఎన్ని అడుగులు లాగాయో చెప్పే గొంతు మధ్య ట్రాక్టర్ ట్రక్కుల మీద నిలబడ్డ జనం ఒక్కసారిగా ఊగిపోతారు. పోటీ అయిపోయాక తాళ్లు విప్పేస్తే అది మళ్లీ పొలమే. నెల్లూరులో రొట్టెల పండగకు లక్షల మంది స్వర్ణాల చెరువు దగ్గరికి వస్తారు. దారులు, బారికేడ్లు, తాగునీళ్లు, మొబైల్ టాయిలెట్లు అన్నీ తాత్కాలికంగా ఏర్పాటు చేసి ఊరు ఏటా అంత జనాన్ని సంభాళిస్తోంది. 2022లో మొదలైన ఆంధ్రా ప్రీమియర్ లీగ్ మ్యాచ్‌లు ఎక్కువగా విశాఖలోనే జరుగుతున్నాయి. వాటిలో కొన్నింటిని అడిగి తెచ్చుకుంటే, బాగుచేసిన గ్రౌండు, బాడుగ గ్యాలరీలు సరిపోతాయి.

ఎవరికి ఏది

నెల్లూరుకైతే వరస ఇలా ఉండాలి: ముందు సుబ్బారెడ్డి స్టేడియానికి డ్రైనేజీ, లైట్లు, గదులు, తర్వాత మంచి ఇండోర్ హాలు, ఆ తర్వాత నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) కొత్త లేఅవుట్లలో ఆటస్థలాలకు వదిలిన జాగాలు నిజంగా ఖాళీగా ఉన్నాయో లేదో చూడటం. ఒంగోలుకు హాలు ముందు, ఎందుకంటే దానికి నీళ్లు పెద్దగా అక్కర్లేదు. కావలి లాంటి ఊళ్లలో జవహర్ భారతి వంటి కాలేజీ గ్రౌండ్లు, మండలాల్లో జడ్పీ స్కూలు గ్రౌండ్లు ఉన్నాయి. వాటికి ప్రహరీ, బోరు, ఒక పీఈటీ చాలు. మార్కాపురం వైపు ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లలో గ్రౌండు కన్నా ముందు అక్కడ ఆడే పిల్లలకు తాగే నీళ్లు పెట్టాలి.

పెద్ద స్టేడియానికి నేనూ సరేననే రోజు ఉంటుంది. ఒక జట్టో, క్రికెట్ సంఘమో కట్టే ఖర్చులో సగానికి పైగా తానే పెట్టాలి. పదిహేనేళ్ల లోపు వెళ్లిపోతే మిగిలిన అప్పు తానే తీర్చేట్టు బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. స్థలం చెరువుది, వాగుది కాకూడదు. మైదానం మ్యాచ్ లేని రోజుల్లో జిల్లా పిల్లలకు తెరిచి ఉండాలి. ఈ నాలుగూ రాతలో ఉంటే మద్దతు ఇవ్వండి. ప్రస్తుతానికి ఎవరైనా స్టేడియం ప్రతిపాదన తెస్తే, కార్పొరేషన్ సమావేశానికి ముందే మీ కార్పొరేటర్‌ను కలిసి ప్రాజెక్టు నివేదికలో ఏడాది నిర్వహణ ఖర్చు రాసిన పేజీ చూపించమనండి. ఆ పేజీ లేకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి. టెండర్ పిలిచాక అడిగితే ఆలస్యమైపోతుంది.